అణు ఇంధనపు జమాఖర్చు

తార్నాక కూడలి నుండి లాలాపేట, మౌలాలి మీదుగా పోయినచో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చును. 1971లో నెలకొనిన ఈ కర్మాగారమున యురేనియము శుద్ధియై, పొడియై, బిళ్ళలై, లోహపు గొట్టములలో చేరి రియాక్టరులకు ఇంధనమగుచున్నది. 2009లో భారతదేశము అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో చేసికొనిన ఒప్పందము ననుసరించి ఇచ్చటి కొన్ని విభాగములు తనిఖీకి లోబడినవి.

ఈ తనిఖీ యెట్టిది? శాంతి ప్రయోజనములకై ఉద్దేశించిన పదార్థము ఆయుధములకు మరలలేదని నిర్ధారించుకొనుట. ఇది మన వర్తకుల జమాఖర్చు వంటిదే. వచ్చినదెంత, పోయినదెంత, నిలువ యెంత? గొట్టముల కట్టలను లెక్కించుట సులభము. పొడి అట్లు కాదు, దానిని తూచవలెను. కొంత పరికరముల మూలలలో అంటుకొనును, కొంత వ్యర్థములలో కలియును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. అంటుకొనిన కిలోయు, అపహరింపబడిన కిలోయు చిట్టాలో ఒకే అంకెగా కనబడును.

జపానులోని తొకాయ్ కర్మాగారమున సుమారు 70 కిలోల ప్లుటోనియము పరికరములలో అంటుకొని యున్నదని 1994లో లోకమునకు తెలిసినది. ఒక ఆయుధము తయారగు అవకాశమును కాదనలేమని అంతర్జాతీయ సంస్థ భావించు పరిమాణము 8 కిలోలు మాత్రమే! అది అపహరణ కాదు. కాని ఆ మాట నిలుపుకొనుటకు పరికరములను శుభ్రపరచి, కొన్నింటిని మార్చవలసి వచ్చినది.

కావున నక్షా గీయునాడే తనిఖీదారును తలచుకొనవలెను. పొడి నిలువని వంపులు, ప్రతి దశకును ఒక కాటా, సీలు వేయుటకు వీలగు తలుపులు, కెమెరా చూపునకు అడ్డురాని స్తంభములు, ఇవన్నియు కాగితముపై గీత జరిపినంతనే సమకూరును. కాంక్రీటు గట్టిపడిన పిదప గోడలు పగులగొట్టవలెను. సమగ్ర తనిఖీకి ఒప్పుకొనిన దేశములు పూర్వము పదార్థము చేరుటకు 180 దినముల ముందు వివరములు తెలిపిన చాలును. నిర్మాణ నిర్ణయము జరిగినంతనే తెలుపవలెనని 1992లో ఆ సంస్థ పాలకమండలి నిశ్చయించినది.

పరాయివారు వచ్చి మన లెక్క చూచుట చిన్నతనమని కొందరు తలతురు. మేమట్లు తలపము. లెక్క చూపగలవాడే సందేహమునకు తావీయక తలయెత్తుకొని నిలువగలడు. ఉస్మానియా ప్రాంగణపు ఇంజనీరింగు విద్యార్థులలో రేపు ఇట్టి కర్మాగారములకు రూపమిచ్చువారుందురు. వారు కట్టడపు బలమును, కార్మికుల క్షేమమును, వ్యయమును విచారించునప్పుడే మరియొక ప్రశ్నయు వేసికొనవలెను: ఇందలి ప్రతి కిలోకును మనము లెక్క చెప్పగలమా?