స్కాన్‌లో తెల్లమచ్చలు కనబడితే...

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు పేరు మనలో చాలామంది విని ఉండరు. ఎం.ఎస్. అంటారు. ఎక్కువగా 20, 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. నాకు ఉందని తెలిసి ఏడేళ్లయింది. ఎం.ఆర్.ఐ. రిపోర్టు చేతికి రాగానే బెంబేలెత్తిపోయే అక్కచెల్లెళ్ల కోసం నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాగే మన నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఈ జబ్బులో మెదడు, వెన్నుపాము, కంటినరాల్లో ఆ పొరను పాడుచేస్తుంది. అలా దెబ్బతిన్న చోట్లే స్కాన్‌లో తెల్లమచ్చలుగా పడతాయి. రిపోర్టులో 'టి2 లీజన్లు' అని రాసేది వీటినే. పాతవీ కొత్తవీ అన్నీ కలిసే కనబడతాయి. అందుకని ఒక్కోసారి చేతికి గాడోలినియం అనే మందు ఎక్కించి మళ్లీ తీస్తారు. ఇప్పుడు వాపు ఉన్న మచ్చే దానితో మెరుస్తుంది. ఆ మెరుపు చాలావరకు కొన్ని వారాలే. 'ఎన్‌హాన్సింగ్' అంటే అదన్నమాట. ఈ మందు ఎక్కించేముందు కిడ్నీ జబ్బు ఉన్నా, నెల తప్పినా తప్పకుండా చెప్పాలి.

మా ఇంట్లో నా మొదటి రిపోర్టు చూసి "పన్నెండు మచ్చలట!" అని ఒకటే ఏడుపు. మా తోటికోడలైతే మెదడులో గడ్డలనుకుంది. ఇవి గడ్డలూ కావు, క్యాన్సరూ కాదు. అసలు మచ్చలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమంత దండగ పని ఇంకోటి లేదు. ఇరవై మచ్చలున్నావిడ ఉద్యోగానికి వెళ్లొస్తూ ఉండొచ్చు, వెన్నుపాములో ఒక్క చిన్నమచ్చ ఉన్నావిడకి కాళ్లు మొద్దుబారొచ్చు. ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ అన్నది పెద్ద సంగతి. పైగా మైగ్రెయిన్, బి.పి., వయసు వల్ల కూడా తెల్లమచ్చలు వస్తాయి. ఒక్క ఫిలిం చూసి ఎం.ఎస్. అని తేల్చేయరు.

ఇంకో మాట. ఒంట్లో బాగానే ఉన్నా లోపల కొత్త మచ్చ రావచ్చు. "బాగానే ఉన్నావుగా, మళ్లీ స్కానెందుకు, డబ్బు దండగ" అని ఇంట్లోవాళ్లు అన్నా, డాక్టరుగారు చెప్పిన గడువుకి తీయించుకోవాల్సిందే. మందు పనిచేస్తోందో లేదో వాళ్లు చూసుకునేది దాంతోనే.

దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. స్కాన్‌లో ఏ మార్పూ ఉండదు, మనిషికి మాత్రం పది గిన్నెలు తోమితే లేవలేనంత నీరసం. "రిపోర్టు బాగుంది కదా, ఇంకా ఈ పడకేమిటి?" అంటారు. ఎం.ఎస్.లో నీరసం నిజమైన లక్షణం. అది ఫిలింలో కనబడదు. ఈ సంగతి మీవారికి, అత్తగారికి డాక్టరుగారి చేతే చెప్పించండి. మనం చెబితే బద్ధకమంటారు!

పాత ఫిలింలు, సి.డి.లు అటక మీద పడేయకండి. పక్కన పెట్టి పోల్చడానికి అవే ఆధారం. వీలైతే ప్రతిసారీ ఒకే చోట తీయించుకోండి. డాక్టరుగారి దగ్గర తీరా కూర్చున్నాక అన్నీ మర్చిపోతాం కాబట్టి చీటీ మీద రాసుకెళ్లండి: కొత్తవి వచ్చాయా? పాతవి పెరిగాయా? మెరిసేవి ఉన్నాయా? మందు మార్చాలా? మళ్లీ స్కాన్ ఎప్పుడు?