చిత్తడినేలల దేవదారు

దేవదారు అనగానే మంచుగప్పిన హిమాలయములు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని తెల్ల దేవదారు అను పేరుగల మరియొక వృక్షము నీరు నిలిచిన చిత్తడినేలలలో పెరుగును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెయిన్ మొదలు ఫ్లారిడా వరకు గల తూర్పుతీరము దాని పుట్టినిల్లు. పేరు దేవదారే యైనను, అది హిమాలయ దేవదారు జాతికి చెందినది కాదు. సైప్రస్ కుటుంబములోనిదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఈ చెట్లు దట్టముగా పెరిగి, 60 మొదలు 80 అడుగుల యెత్తున నిటారుగా నిలుచును. వాని క్రింద రాలిన ఆకులును, కొమ్మలును నీటిలో గాలి సోకక, పూర్తిగా చివుకక, పొరలు పొరలుగా పేరుకొనును. వాని సారము దిగుటచే అచటి నీరు తేనీటి రంగు కలిగియుండును. ఆ నీరు త్వరగా చెడదని పూర్వము నావికులు దానిని పీపాలలో నింపుకొని పోవుచుండిరి.

ఈ కలప తేలికయైనది, సువాసన గలది. చీల్చిన తిన్నగా చీలును. అన్నిటికంటె ముఖ్యముగా, తడికి త్వరగా చివుకదు. కావున పడవలకు, పీపాలకు, బాల్చీలకు, కంచె గుంజలకు దీనిని వాడిరి. పలుచని పలకలుగా చీల్చి, మనము పెంకులు పరచునట్లు ఇండ్లపై కప్పిరి. న్యూజెర్సీలోని డెన్నిస్‌విల్ ప్రాంతమున ఏనాడో కూలి బురదలో పూడిపోయిన మ్రాకులను సైతము పందొమ్మిదవ శతాబ్దమున వెలికి తీసిరి. పనివారు ఇనుపచువ్వతో బురదను పొడిచి మ్రానును కనుగొని, దాని చెక్క వాసన చూచి మంచిచెడ్డలు నిర్ణయించెడివారు. అంతకాలము మునిగియున్నను ఆ కలప పనికివచ్చెను!

ఇట్టి మేలిగుణమే ఆ వృక్షమునకు ముప్పు తెచ్చినది. 1748లో అమెరికాకు వచ్చిన పీటర్ కాల్మ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, ఈ యడవులు విచక్షణ లేక నరకబడుటను గమనించి తన గ్రంథమున హెచ్చరించెను. ఎవరును చెవినిడలేదు. వర్జీనియా, ఉత్తర కెరొలీనాల నడుమ గ్రేట్ డిస్మల్ స్వాంప్ అను గొప్ప చిత్తడియడవి కలదు. 1763లో జార్జి వాషింగ్టన్ మొదలగువారు ఒక సంఘముగా నేర్పడి దానిని ఎండగట్టి సాగుచేయ దలచిరి. మోకాలిలోతు బురదలో కాలువలు త్రవ్వినవారును, పైకప్పు పలకలు చీల్చినవారును నల్లజాతి బానిసలు. వారి చెమటతో ఇతరుల యిండ్లు నీడను పొందెను. తప్పించుకొన్న బానిసలు కొందరికి ఆ యడవియే ఆశ్రయ మయ్యెను.

కాలువలు నీటిని లాగివేయగా నేల యెండెను. యెండిన ఆకుపొరలు నిప్పంటినచో లోలోపల కాలును. 2003లో పెనుగాలికి అచటి పెద్ద చెట్లు పెక్కు కూలినవి. 2008లోను, 2011లోను మంటలు నెలల తరబడి రగిలి లేతమొక్కలను దహించెను. 1974 నుండి వన్యప్రాణి రక్షణస్థలముగా నున్న ఆ యడవిలో, కాలువలకు తలుపులమర్చి నీటిని మరల నిలుపుచున్నారు.

నూరేండ్లు చివుకని కలప నిచ్చు చెట్టైనను, తన నీరు తనకు లేనిచో బ్రదుకజాలదు. వృక్షమును కాపాడ గోరువారు ముందుగా దాని నేలను, నీటిని కాపాడవలెను.