స్పిట్‌ఫైర్‌ను ఆదుకున్న ఇత్తడి బిళ్ళ

రెజినాల్డ్ మిచెల్ రూపొందించిన బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడే ఆయన మరణించాడు. 1940లో బ్రిటన్ గగనతలంలో అది చేసిన పోరాటాన్ని పాపం, చూడనేలేదు!

అంతటి విమానానికీ ఒక చిక్కుండేది. జర్మన్ మెసర్‌ష్మిట్ 109 ముక్కు వంచి చటుక్కున కిందికి దూకితే, అలాగే వెంబడించిన స్పిట్‌ఫైర్ ఇంజను ఆగిపోయేది. ఎందుకని? జెయింట్ వీల్ దిగేటప్పుడు మీ ఒళ్ళు తేలిపోయినట్లుంటుంది కదా! కార్బ్యురేటరులోని పెట్రోలూ అలాగే పైకి లేచేది. ముందు ఇంజనుకు పెట్రోలు అందదు. మరుక్షణం, దాన్ని అదుపుచేసే ఫ్లోటు గతి తప్పి, పెట్రోలు వరదలా వచ్చిపడుతుంది. జర్మన్ ఇంజనులో పంపు పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మేది కనుక దానికీ బాధ లేదు. బ్రిటిష్ పైలట్లు విమానాన్ని తలకిందులుగా తిప్పి మరీ కిందికి మళ్ళించేవారు. ఈలోగా శత్రువు జారుకునేవాడు.

ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్ దీనికి ఉపాయం కనిపెట్టింది. మోటారు సైకిలు పందేల్లోనూ ఆమెది అందెవేసిన చెయ్యి. నడుమ రంధ్రమున్న చిన్న ఇత్తడి బిళ్ళను పెట్రోలు దారిలో అమర్చింది. ఇంజను పూర్తి శక్తితో నడవడానికి ఎంత కావాలో అంత పెట్రోలే ఆ రంధ్రంలోంచి పోతుంది. దాంతో వరద ఆగింది! 1941లో ఆమె బృందం విమాన స్థావరాలన్నీ తిరిగి ఈ బిళ్ళలు బిగించింది. అయినా ఎక్కువసేపు తలకిందులుగా ఎగరడం కుదిరేది కాదు. అందుకు కొత్తరకం కార్బ్యురేటరు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.