గళం ఎవరిదైనా.. పాట ఘంటసాలదే
పాత పాటల ఆర్కెస్ట్రాల్లో తగ్గుతున్న వాద్యకారులు

చొప్పదండి: పెళ్లి విందు సాగుతుండగా వేదికపై గాయకుడు మైకు అందుకుంటాడు. కీబోర్డుపై తొలి స్వరాలు పలికిన మరుక్షణమే వెనుక వరుసలోని పెద్దలు విస్తరి మీది నుంచి తలెత్తి చూస్తారు. పాడుతున్న వ్యక్తి పేరు వారిలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తీ అంతగా ఉండదు. పాట ‘అచ్చం ఘంటసాల పాడినట్లే’ ఉందా, లేదా అన్నదే వారి తీర్పు. ఉంటే ‘వన్స్‌మోర్’. లేకుంటే దృష్టి మళ్లీ విస్తరి మీదికే. కరీంనగర్‌కు ఉత్తరాన ఉన్న చొప్పదండిలోనే గాక తెలుగు పట్టణాలన్నింటా పాత పాటల కళాకారులు ఎదుర్కొనే పరీక్ష ఇదే.

తమది కాని పాటను, తమది కాని గొంతుతో పాడి మెప్పించడం చిన్న విద్య కాదు. ఆ విద్యకు వెన్నుదన్నుగా నిలిచిన వాద్యకారులు మాత్రం ఒక్కొక్కరుగా వేదిక దిగిపోతున్నారు. వారి స్థానంలోకి ముందే రికార్డు చేసిన సంగీతం వచ్చి చేరుతోంది.

పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే బాణీ

ఒకే ప్రసిద్ధ బృందం పాటలను, అవసరమైతే వేషధారణతో సహా, వేదికపై తిరిగి వినిపించే బృందాలను పాశ్చాత్య దేశాల్లో ట్రిబ్యూట్ బ్యాండ్లు అంటారు. బ్రిటన్‌కు చెందిన బీటిల్స్ 1970లో విడిపోగా, 1980లో ‘బూట్‌లెగ్ బీటిల్స్’ పుట్టింది. పింక్ ఫ్లాయిడ్ పాటలను వాయించేందుకు 1988లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఒక బృందం మొదలైంది. అసలు పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1996లో తన యాభయ్యో పుట్టినరోజు వేడుకకు ఆ బృందాన్నే పిలిపించుకున్నారు. అనుకరించిన గాయకుడే అసలు బృందంలో చేరిన ఉదంతమూ ఉంది. మనీలాలో ఇతరుల పాటలు పాడుకుంటున్న ఆర్నెల్ పినెడాను యూట్యూబ్‌లో చూసిన అమెరికా బృందం ‘జర్నీ’ 2007లో ఆయనను తమ ప్రధాన గాయకుడిగా తీసుకుంది.

మన పట్టణాల్లో రాక్ సంగీతానికి అంత ఆదరణ లేదు. ఇక్కడ ఆ స్థానం సినిమా పాటది. అందులోనూ పెద్దపీట ఘంటసాల వెంకటేశ్వరరావుదే. కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదివారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. ఆ తర్వాత మద్రాసు చేరి, గాయకుడిగా, సంగీత దర్శకుడిగా మూడు దశాబ్దాల పాటు తెలుగు సినిమాను ఏలారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఏటా జయంతికి, వర్ధంతికి ఆయన పాటలతో సభలు జరపడం ఆనవాయితీగా మారింది. వాటిని చాలాచోట్ల ‘ఆరాధనోత్సవం’ అని పిలుస్తారు. వేములవాడ రాజన్న సన్నిధిలో త్యాగరాజ ఆరాధనోత్సవాలను ఎరిగిన ఈ ప్రాంతవాసులకు ఆ మాట బరువు చెప్పనక్కరలేదు. సినీ గాయకుడికి వాగ్గేయకారుల వరుసలో పీట వేయడం సామాన్య విషయం కాదు.

ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు ఈ పాటలతో మరో బంధం ఉంది. వేములవాడ సమీపంలోని హనుమాజీపేటలో పుట్టిన డాక్టర్ సి.నారాయణరెడ్డి ‘గులేబకావళి కథ’ (1962)తో సినీ గేయ రచనలో అడుగుపెట్టారు. అందులో ఆయన రాసిన పాటలను ఘంటసాల ఆలపించారు. ఇక్కడి వేదికలపై ఆ చిత్రం పాట మొదలైతే చప్పట్లు కాస్త ముందుగానే వినబడితే ఆశ్చర్యం లేదు.

అనుకరణలో అసలు కష్టం

ఘంటసాలను అనుకరించడంలో మొదటి చిక్కు ఆయన గొంతు ఒక్కటి కాకపోవడమే. ఎన్టీఆర్‌కు పాడినప్పుడు ఒక నిండుదనం, అక్కినేనికి పాడినప్పుడు మరో మెత్తదనం వినిపిస్తాయి. రికార్డు విన్న శ్రోత తెరపై ఉన్న నటుడెవరో చెప్పగలిగేవాడు. నటుడి కోసం గొంతు మార్చిన గాయకుడిని అనుకరించాలంటే ఆ మార్పును కూడా పట్టుకోవాలి. కొత్తగా పాడేవారు చాలామంది అన్ని పాటలనూ ఒకే గంభీర స్వరంతో పాడి ఇక్కడే దొరికిపోతారు.

రెండోది శ్రుతి. ఘంటసాల తారస్థాయిలో సునాయాసంగా నిలిచే చోట సాధారణ గాయకుడి గొంతు పలుచబడుతుంది. ఒకటిన్నర శ్రుతి పాటను ఒకటికి దించమని గాయకుడు కోరితే కీబోర్డు కళాకారుడికి అది మీట నొక్కినంత పని. వేణువు వాయించేవారికి అలా కుదరదు. ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు కావాలి. అందుకే వారి సంచిలో అన్ని వేణువులు కనిపిస్తాయి. తబలాను సైతం శ్రుతికి తగినట్లు మళ్లీ సరిచేసుకోవాలి. ప్రేక్షకులకు విసుగు తెప్పించే ఆ రెండు నిమిషాల ‘టక్ టక్’ శబ్దం వెనుక కారణమిదే.

మూడోది పద్యం. ‘పాండవ వనవాసం’ (1965) వంటి పౌరాణిక చిత్రాల పద్యాలు లేకుండా ఘంటసాల కచేరీ నిండదు. రంగస్థలంపై నటులు రాగాన్ని సాగదీసి పద్యం పాడే రోజుల్లో, ఆయన ఆలాపనను కుదించి, ప్రతి మాటా అర్థమయ్యేలా భావాన్ని ముందుకు తెచ్చారు. పద్యానికి తాళం ఉండదు. డోలక్, ప్యాడ్స్ వాయించేవారు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఎత్తుకుంటాడో కనిపెట్టి వెన్నంటి నడవాల్సింది హార్మోనియం లేదా కీబోర్డు కళాకారుడే. చిరుతల రామాయణాలు, భజన మండళ్లలో హార్మోనియం పట్టినవారికి ఈ తోడునడక కొత్త కాదు. యంత్రానికి మాత్రం అది చేతకాదు. పద్యం వచ్చేసరికి ట్రాకు వెంట గాయకుడు పరుగెత్తడమే తప్ప గాయకుడి వెంట ట్రాకు రాదు.

ఇక స్వరలిపి మాట. పాత సినిమా పాటల వాద్య భాగాలకు అచ్చయిన పుస్తకాలు సాధారణంగా దొరకవు. వాద్యకారులు చెవితో విని, ‘బిట్లు’ పట్టుకుని నేర్చుకోవాలి. 78 తిరుగుళ్ల రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ కొలతకు కుదించడం వల్ల సినిమాలో ఉన్న చరణం కొన్ని రికార్డుల్లో కనిపించదు. ఏది అసలు పాట అన్న వాదన రిహార్సల్‌లోనే తేల్చుకోకపోతే వేదికపై గాయకుడు ఒక చరణంలో, వేణువు మరో చరణంలో ఉండే ప్రమాదం ఉంది.

పదిమంది పోయి పెట్టె మిగిలింది

వయొలిన్, వేణువు, క్లారినెట్, మాండలిన్, అకార్డియన్, తబలా, డోలక్.. పాత పాటలో వినిపించే వాద్యాల్లో ఇవి కొన్ని. వాటికి మనుషులను కూర్చోబెడితే బృందం పది మందిని దాటుతుంది. మొదట కీబోర్డు వచ్చి తీగ, గాలి వాద్యాలను మింగింది. తర్వాత రిథం ప్యాడ్లు తాళవాద్యాల చోటును ఆక్రమించాయి. కరావోకే ట్రాకులు రావడంతో ఫోన్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో సంగీతం మోగుతుంటే గాయకుడొక్కడే నిలబడి పాడే పద్ధతి పెరిగింది. పెళ్లివారికి ఖర్చు తగ్గుతుంది, వాహనం చిన్నదైతే చాలు. ఊరేగింపుల్లో డీజేల పోటీ సరేసరి. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. అయితే చెవితో విని పాటను పునర్నిర్మించే నైపుణ్యం వేదికపై ఒకరి పక్కన ఒకరు కూర్చున్నప్పుడే చేతులు మారుతుంది. పక్కన కూర్చునేవారు లేకపోతే నేర్చుకునే చోటే పోతుంది.

పెళ్లికి మినహాయింపు.. టికెట్‌కు లేదు

ఇతరుల పాటలు పాడటానికి అనుమతి కావాలా అన్న అనుమానం 2017 మార్చిలో దేశమంతటా చర్చకు వచ్చింది. తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడరాదంటూ ఇళయరాజా, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం బృందానికి లాయరు నోటీసు పంపించారు. అంతటి గాయకుడికే తప్పలేదంటే మండల కేంద్రంలోని ఆర్కెస్ట్రా మాటేమిటన్న భయం సహజం.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ దీనికి కొంత సమాధానం ఇస్తోంది. మతపరమైన కార్యక్రమాల్లోను, ప్రభుత్వం, స్థానిక సంస్థలు జరిపే అధికారిక వేడుకల్లోను పాడితే అది ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు, వివాహ సంబంధ వేడుకలు కూడా ఈ మినహాయింపు కిందకే వస్తాయని చట్టమే వివరించింది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో బహిరంగ ప్రకటన ద్వారా దీన్ని గుర్తుచేసింది. ఔత్సాహికుల క్లబ్బు లేదా సంఘం టికెట్ లేకుండా ప్రేక్షకులకు వినిపించినా మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి జరిపే సంగీత విభావరికి మాత్రం హక్కుదారుల నుంచి లైసెన్సు తీసుకోవాలి. గేయ రచయితలు, స్వరకర్తల తరఫున ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ వంటి సంస్థలు ఈ లైసెన్సులు ఇస్తాయి.

‘అంత పాత పాటకు హక్కులేమిటి?’ అన్నది తరచూ వినిపించే ప్రశ్న. రచనకు, స్వరరచనకు కర్త మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. ఆ లెక్కన ఘంటసాల స్వరపరచిన బాణీలపై 2034 చివరి వరకు, 2017లో మరణించిన సినారె గేయాలపై 2077 చివరి వరకు హక్కులు కొనసాగుతాయి. సౌండ్ రికార్డింగ్‌కు లెక్క వేరు. అది విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. కాబట్టి 1950లలో వచ్చిన రికార్డుపై హక్కు తీరిపోయినా, అదే పాటలోని బాణీపై హక్కు మిగిలే ఉంటుంది. ఈమధ్య తయారైన కరావోకే ట్రాకు కొత్త రికార్డింగ్ కిందకు వస్తుంది గనుక టికెట్ కార్యక్రమంలో దాన్ని మోగించాలంటే ఆ ట్రాకు హక్కులనూ చూసుకోవాలి. వాద్యకారులను కూర్చోబెట్టి వాయింపజేస్తే ఆ రెండో బెడద ఉండదు.