పాత ఆయిలింజనుకు స్క్రాప్ ఇంజెక్టర్: బాడీ తెచ్చుకోండి, నాజిల్ వద్దు

ఈసారి జీవామృతం గురించో, కషాయాల గురించో కాదు, మా ఆయిలింజను గురించి రాస్తున్నాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి డీజిల్ ఇంజను గొడవ ఏంటి అనుకోకండి. దాళ్వాలో బోదె చివర పొలం ఉన్నవాళ్లకి ఈ గొడవ ఏంటో బాగా తెలుసు.

మాది ద్రాక్షారామం. ధవళేశ్వరం నుంచి వచ్చే తూర్పు డెల్టా కాలువ నీళ్లే మాకు ఆధారం. సార్వాలో నీళ్లు ఎక్కువై ఏడుస్తాం, దాళ్వాలో వంతులు పెట్టాక చాలక ఏడుస్తాం. మా వంతు వచ్చేసరికి బోదెలో అడుగు తడి మాత్రమే మిగిలిన రోజులున్నాయి. అందుకే తాతయ్య కొన్న 5 హార్స్‌పవర్ ఆయిలింజన్ను అమ్మకుండా ఉంచుకున్నాం. సింగిల్ సిలిండర్, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే రకం. పక్కనున్న మురుగు కాలువలోంచి రాత్రిపూట తోడుకుంటాం.

మొన్నటి దాళ్వాలో చేను చిరుపొట్ట మీదున్నప్పుడు ఇది మొరాయించింది. ముందు నల్లపొగ. తర్వాత సుత్తితో కొట్టినట్టు టకటక శబ్దం. హ్యాండిల్ తిప్పడానికి నేను, నాన్న, పాలేరు ముగ్గురం మారాల్సి వచ్చింది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. ఇంజెక్టర్ మీద ఉండే సన్నటి ఓవర్‌ఫ్లో గొట్టం దగ్గర డీజిల్ కారి, బోదె నీటి మీద ఇంద్రధనస్సు రంగుల్లో పొరలా తేలుతోంది. అదే బోదెలో ఎకరాకు 200 లీటర్ల జీవామృతం వదులుతున్నాను. గుప్పెడు యూరియా వేయనని ఊళ్లో గొప్పలు చెప్పుకునేవాడిని, వానపాముల మీదికి డీజిల్ పారిస్తున్నాను!

ఇంజెక్టర్ పోయిందని అర్థమైంది. మా పాత మోడల్‌కి కొత్తది పూర్తి సెట్టు దగ్గరలో దొరకలేదు, తెప్పించడానికి వారం అన్నారు. చిరుపొట్ట చేను వారం ఆగదు కదండీ. స్క్రాప్ కొట్లో చూద్దామని బయల్దేరాను.

అక్కడ చేసిన తప్పు ముందు చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బు పోయింది అక్కడే. పాత సామాన్ల కుప్పలో మా దానిలాంటి ఇంజెక్టర్ ఒకటి దొరికింది. పొడవు ఒకటే, క్లాంపు కూర్చుంది, పైపు నట్టు మర కూడా సరిపోయింది. 350 రూపాయలు. అగ్రికల్చర్ డిప్లొమాలో ట్రాక్టరు విడదీసిన ధీమాతో టెస్టింగ్ లేకుండా బిగించేశాను. ఇంజను స్టార్ట్ అయింది, పొగ కూడా కాస్త తగ్గింది. మూడు రాత్రులు తోడాను. నాలుగో ఉదయం డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పైగీత దాటి ఉంది. ఆయిల్ పెరగడమేంటి? వాసన చూస్తే డీజిల్. ఆ నాజిల్ పొగమంచులా చల్లకుండా చుక్కలు కారుస్తోందన్నమాట. ఆ చుక్కలు కాలకుండా సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేసుకుంటూ కింద ఆయిల్ చాంబర్లో కలిశాయి. లైనరు, పిస్టను రెండూ గీతలు పడ్డాయి. 350 రూపాయల సరుకు పెట్టి తొమ్మిది వేలు వదిలించుకున్నాను. ఆ నాలుగు రోజులు పక్క చేను పెదనాన్న తన ఇంజను ఇవ్వకపోతే పంట సంగతి చెప్పక్కర్లేదు.

తర్వాత రాజమండ్రిలో డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికెళ్లాను. నేను తెచ్చింది టెస్టర్ మీద పెట్టి రెండుసార్లు లివరు నొక్కి, "అబ్బాయ్, ఇది నాజిలు కాదు, కుళాయి" అన్నారు. ఆయన దగ్గర కూర్చున్న ఒక పూటలో నేర్చుకున్నదే ఈ వీడియో.

లెక్క చూడండి. మా ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి డీజిల్ చల్లాలి. అంటే నిమిషానికి 750 సార్లు, గంటకు 45 వేల సార్లు. లోపల సూది, అది కూర్చునే ఒర రెండూ కలిపి అరగదీసి జత చేసినవి. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులోకి ఇసుక రేణువు దూరినా, వర్షం నీళ్లు దిగి తుప్పు పట్టినా ఇక అంతే. ఒక నాజిల్ సూది తీసి ఇంకో నాజిల్ ఒరలో పెట్టడం అసలు కుదరదు. స్క్రాప్ కుప్పలో ఎండకీ వానకీ పడున్న నాజిల్ బాగుండటం అదృష్టం మీద ఉంటుంది. మన సముద్రగాలికి ఆ అదృష్టం ఇంకా తక్కువ.

కానీ ఇంజెక్టర్ అంటే నాజిల్ ఒక్కటే కాదు. నాజిల్‌ను పట్టుకునే హోల్డర్ బాడీ, లోపలి స్ప్రింగు, కింది క్యాప్ నట్టు కూడా ఉంటాయి. పాత మోడళ్లకు ఇవే కొత్తవి దొరకట్లేదు, స్క్రాప్‌లో మాత్రం గట్టివి దొరుకుతాయి. నాజిల్ మొన దొరకడం అంత కష్టం కాదు. మనవాళ్లు ఇప్పటికీ "మైకో నాజిల్" అనే అడుగుతారు. 1951లో మొదలైన ఆ మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా మన నోట్లో పాత పేరే ఉంది. నేనిప్పుడు చేసింది ఇదే: బాడీ స్క్రాప్‌ది, నాజిల్ కొత్తది, టెస్టర్ మీద సరిచూసి బిగించడం.

బాడీ కోసం ఈసారి విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లాను. అక్కడ పాత కార్లు విప్పిన ఇంజెక్టర్లు తట్టలకొద్దీ ఉంటాయి. పాత అంబాసిడర్ డీజిల్, మొదటి ఇండికా డీజిల్ లాంటివి చవగ్గా ఇస్తారు. అవి మనకు పనికిరావండి. ఆ కార్లలో డీజిల్ నేరుగా పిస్టను మీద పడదు, పక్కన చిన్న గదిలో పడుతుంది. వాటికి మొనలో సన్నటి పుల్లలా కనిపించే పింటిల్ నాజిల్ ఉంటుంది, అది తక్కువ ప్రెషర్‌కే తెరుచుకుంటుంది. మా ఇంజను డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే మొనచుట్టూ సన్నటి రంధ్రాలున్న నాజిల్ కావాలి. ఇక పైన కరెంటు సాకెట్ ఉన్నవైతే కామన్ రైల్ కార్లవి. కంప్యూటర్ లేకుండా అవి పలకవు. కొట్టువాడు "అన్నీ ఒకటే గురువుగారూ" అంటాడు, నమ్మకండి. మీ ఇంజను ఏ రకమో పుస్తకంలో గానీ, పాత నాజిల్ మీద గానీ చూసుకుని వెళ్లండి.

నాజిల్ మీద అక్షరాలు చదవడం కష్టమేం కాదు. డీఎల్‌ఎల్‌ఏ అని మొదలైతే రంధ్రాల రకం. దాని పక్కన 150 లాంటి అంకె ఉంటే అది డీజిల్ గొడుగులా విచ్చుకునే కోణం, డిగ్రీల్లో. తర్వాత ఎస్ అంటే లావు సైజు, పీ అంటే సన్నది. డీఎన్ అని మొదలైతే పింటిల్. పాతదాని మీద ఉన్న నంబరే కొత్తదాని మీదా ఉండాలి. కోణం తేడా వస్తే డీజిల్ పిస్టను గిన్నెలో పడకుండా అంచు మీద పడి కాలుస్తుంది.

చివరికి నాకు సరిపోయింది కారుది కాదు, ఒక పాత డైరెక్ట్ ఇంజెక్షన్ మినీ లారీది. నా పాత ఇంజెక్టర్ జేబులో పెట్టుకుని వెళ్లాను కాబట్టి పక్కపక్కన పెట్టి కొలవగలిగాను. ఎంచేటప్పుడు పైపులు ఇంకా బిగించి ఉన్న ఇంజను మీదివే చూశాను. మూతలు తెరిచి పడేసినవాటిలోకి దుమ్ము, నీళ్లు వెళ్లిపోయి ఉంటాయి. మొన నీలంగా మారిందంటే ఆ ఇంజను బాగా వేడెక్కిందని. మరలు చితికినవి, క్లాంపు దగ్గర సుత్తి దెబ్బలున్నవి పక్కన పెట్టాను. రసీదు కూడా రాయించుకున్నాను. దొంగ బండి సామాను మన షెడ్డులో తేలితే వివరణ ఇచ్చుకునేది మనమే.

రాజమండ్రి పెద్దాయన బాడీని విప్పి శుభ్రమైన డీజిల్లో కడిగి, కొత్త నాజిల్ పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చూపించారు. సూదిని డీజిల్లో తడిపి, ఒరను ఏటవాలుగా పట్టుకుని, సూదిని మూడో వంతు బయటికి లాగి వదలాలి. తన బరువుకి తానే మెల్లగా జారి కూర్చోవాలి. పట్టేసినా, దబ్బున పడినా మంచిది కాదు. తర్వాత టెస్టర్. మా ఇంజను పుస్తకంలో 200 అని ఉంటే, స్ప్రింగు సర్ది సరిగ్గా అక్కడ తెరుచుకునేలా పెట్టారు. దానికి కాస్త తక్కువ ప్రెషర్లో పది సెకన్లు ఆపితే మొన పొడిగా ఉండాలి. చుక్క కనిపించిందంటే మళ్లీ నా తొమ్మిది వేల కథే.

ఇక్కడ ఒక్క మాట, దీన్ని మాత్రం వీడియోలో మూడుసార్లు చెప్పాను. ఆ పిచికారీ కింద వేలు పెట్టకండి. కారు టైరులో ఉండేది సుమారు 2 కేజీల ప్రెషర్. ఇక్కడ 200. చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చే కనపడుతుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికెళ్లిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి. ఇంజను మీద లీకు వెతకాలన్నా చెయ్యి కాదు, అట్టముక్క అడ్డం పెట్టండి. ఆ పొగమంచు దగ్గర బీడీ కూడా వద్దు.

బిగించేటప్పుడు చాలామంది మరిచిపోయేది రాగి వాషరు. పాతది హెడ్డు రంధ్రం అడుగున అతుక్కుపోయి ఉంటుంది, కనపడదు. దాని మీదే కొత్తది వేస్తే నాజిల్ మొన పైకి జరిగి డీజిల్ పడాల్సిన చోట పడదు. వంచిన తీగతో లాగి తీసి, కొత్తది ఒక్కటే వేశాను. క్లాంపు నట్లు రెండూ కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించాలి. డీజిల్ ఫిల్టరు కూడా అప్పుడే మార్చేశాను. ఓవర్‌ఫ్లో గొట్టం కొత్తది వేసి ట్యాంకులోకే తిప్పాను, కింద రేకు తట్ట పెట్టాను. బోదె మీద ఆ రంగుల పొర ఇప్పుడు లేదు.

ఖర్చు చెప్పమని అడుగుతారు. బాడీకి 400, కొత్త నాజిల్‌కి 700 చిల్లర, టెస్టింగ్, సెట్టింగ్‌కి 300, బస్సు చార్జీలు అదనం. పిస్టను, లైనరు ఖర్చు నా తొందరపాటుది కాబట్టి ఇందులో కలపలేదు. నాన్న మాత్రం కలిపే చెబుతారు, ఎవరడిగినా.

ఇప్పుడు హ్యాండిల్ రెండు చుట్లకే అందుకుంటోంది. స్టార్ట్ అయ్యేటప్పుడు కాస్త పొగ, తర్వాత గొట్టం దగ్గర గాలి అదిరినట్టు కనపడటం తప్ప ఏమీ లేదు. ప్రతి నీటి తడికీ ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడటం అలవాటైపోయింది.

నేను మోసపోయిన ఆ 350 రూపాయల ఇంజెక్టర్ పారేయలేదు. వీడియో చివర్లో పెద్దాయన టెస్టర్ మీద దాన్నీ, కొత్త నాజిల్ వేసినదాన్నీ పక్కపక్కన చూపించాను. సౌండ్ పెట్టుకుని చూడండి. మంచిది కిర్రుమని వణుకుతూ చల్లుతుంది, చెడ్డది చప్పుడు లేకుండా కారుతుంది. తేడా కంటి కంటే చెవికే ముందు తెలుస్తుంది.