నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కారు

అసలు స్టార్టే కాని కారుతో పెద్ద చిక్కు లేదు. ఇంటి ముందే ఉంటుంది, మెకానిక్కు వచ్చి చూస్తాడు, బాగు చేసి పోతాడు. చిక్కంతా వీధిలో బుద్ధిగా నడిచి, షెడ్డుకు తీసుకెళ్తే మరింత బుద్ధిగా నడిచి, నలుగురిని ఎక్కించుకుని ఊరు దాటాక ఉన్నట్టుండి ఆగిపోయే కారుతోనే. పావుగంట పోయాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయల్దేరుతుంది!

మన కుటుంబాల్లో ఇటువంటి బండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. తాతగారి పద్మిని, నాన్నగారి అంబాసిడర్ అని అమ్మకుండా దాచుకున్నవి, ఆదివారం పూట తుడిచి ఒక చుట్టు తిప్పేవి. బొంబాయి కుర్లాలో పుట్టిన పద్మిని తయారీ ఆగి పాతికేళ్లవుతోంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ముంబయి నలుపు పసుపు టాక్సీల్లో చివరి పద్మిని కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. అవి టాక్సీలుగా తిరిగినన్నాళ్లూ చప్పుడు విని జబ్బు చెప్పగల మేస్త్రీ పేటకొకడు ఉండేవాడు. ఇప్పుడు ఆ చేతులు తగ్గిపోయాయి. కొత్త కుర్రవాళ్లకు పని రాదని కాదు, కంప్యూటర్ తగిలించే సాకెట్టు లేని బండిని వాళ్లు నేర్చుకోలేదు. కాబట్టి బండిగలవారే కాస్త నేర్చుకోక తప్పదు.

నాకు తెలిసిన ఒక బెంగళూరు కుటుంబం కథ చెబుతాను. వారిది 1980ల నాటి పెట్రోలు అంబాసిడర్. ఏడాది పాటు ఆగుతూ, నడుస్తూ విసిగించింది. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, ఇంకో షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు, మూడోచోట కార్బ్యురేటరే కొత్తది వేశారు. మార్చిన ప్రతిసారీ వారం పది రోజులు బాగానే ఉండేది. చివరికి హోసూరు రోడ్డు ఫ్లైఓవర్ మీద, వెనక లారీలు హారన్లు కొడుతుండగా, పిల్లలతో సహా ఆగిపోయింది. ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజే తేల్చి చెప్పింది, ఇక పిల్లలను ఆ బండి ఎక్కనిచ్చేది లేదని. ఆమె మాటలో తప్పేముంది? ఆ బండి బాగుపడకపోతే పాత ఇనుము కింద పోవడమే.

ఆ మూడు షెడ్లలోనూ బండి ఆగినప్పుడు ఎవరూ చూడలేదు. నడుస్తున్నప్పుడు చూసి, అనుమానమున్న సామాను మార్చారు. ఈ జబ్బుకు సాక్ష్యం బండి ఆగిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాల్లోనే దొరుకుతుంది. ఇంజను చల్లారితే సాక్ష్యమూ చల్లారుతుంది. మనమేమో కంగారులో ఆ కాసేపూ సెల్ఫ్ కొడుతూ గడిపేస్తాం.

ఇంజనుకు కావలసినవి ముఖ్యంగా రెండు, నిప్పురవ్వ, పెట్రోలు. ఆగిన క్షణంలో ఈ రెంటిలో ఏది లేదో తెలిస్తే సగం పని అయినట్టే. ఆగే తీరే కొంత చెబుతుంది. తాళం తీసేసినట్టు ఠక్కున ఆగితే చాలావరకు కరెంటు లోపం. ఊపిరాడనట్టు కుదుపుతూ, గునుస్తూ, యాక్సిలరేటర్ తొక్కినా బలం రాక ఆగితే పెట్రోలు లోపం. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. వేడెక్కిన కాయిల్ కూడా ఒక్కోసారి ముందు కాసేపు కుదిపి ఆపుతుంది.

బండిని పూర్తిగా పక్కకు తీశాక ముందు నిప్పురవ్వే చూడాలి. పెట్రోలు గొట్టాలు విప్పాక నిప్పురవ్వతో ఆడకూడదు గనుక ఈ వరస తప్పకూడదు. పెట్రోలు వాసన ముందే గట్టిగా వస్తుంటే ఈ పరీక్ష వద్దే వద్దు. కాయిల్ నుంచి వచ్చే లావుపాటి తీగను డిస్ట్రిబ్యూటర్ మూతలోంచి ఊడదీసి, బాగా ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకుని, దాని కొసను ఇంజను ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. నీలంగా, చిటపటమని రవ్వ దూకితే కరెంటు చాలావరకు సరిగా ఉన్నట్టే. పసుపుపచ్చగా, సన్నగా ఉంటే కండెన్సర్‌నో కాయిల్‌నో అనుమానించాలి. అసలు లేకపోతే సంగతి అక్కడే ఉంది. అందులో వేల వోల్టులుంటాయి, గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్నవారు దగ్గరికి రాకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఒక చిన్న బల్బు. పన్నెండు వోల్టుల బల్బుకు రెండు పొడుగు తీగలు కట్టి, ఒకటి కాయిల్‌కు తాళం వైపు నుంచి కరెంటు వచ్చే టెర్మినల్‌కు, ఇంకొకటి బాడీ ఇనుముకు తగిలించి, బల్బును డ్రైవరుకు కనబడేలా లోపలికి తెచ్చుకోవాలి. తీగలు వేడి గొట్టాలకు, ఫ్యానుకు తగలకుండా చూసుకోవాలి. తాళం వేసినంతసేపూ అది వెలుగుతూనే ఉండాలి. ఇంజను ఆగినప్పుడు బల్బు కూడా ఆరితే లోపం తాళం స్విచ్‌లోనో, అక్కడి నుంచి వచ్చే తీగలోనో, వదులైన కనెక్షన్‌లోనో ఉంది. బల్బు వెలుగుతుండగానే ఇంజను ఆగి, రవ్వ కూడా లేకపోతే లోపం కాయిల్ నుంచి ఇవతల. పది రూపాయల సామానుతో సగం బండిని అనుమానం నుంచి తప్పించవచ్చు.

పైన చెప్పిన అంబాసిడర్‌లో బల్బు ఆరలేదు, రవ్వ మాత్రం లేదు. ఇంకో సంగతి, ఆ ఇంటాయన అప్పటికి ఒక చిన్న పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు: ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, ఎండ ఎలా ఉంది, ఆ క్షణంలో కాలు ఎక్కడుంది అని. ఆ పుస్తకం చూస్తే బండి ఎండకు, దూరానికి సంబంధం లేకుండా ఆగుతోంది. కాని దాదాపు ప్రతిసారీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో, కాలు తీసినప్పుడో ఆగుతోంది. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన పళ్లెం, ఇంజను పీల్చే బలాన్ని బట్టి వాక్యూమ్ డబ్బా లాగినప్పుడల్లా కొద్దిగా తిరుగుతుంది. దానితోపాటు పాయింట్లకు వచ్చే చిన్న తీగ కూడా వంగి లేస్తుంటుంది. ఏళ్ల తరబడి వంగి వంగి ఆ తీగ లోపల రాగి పోగులు తెగిపోయాయి. పైన తొడుగు మాత్రం చక్కగా ఉంది! ఒక వైపు తిరిగితే పోగులు తగులుతాయి, ఇంకో వైపు తిరిగితే విడిపోతాయి. తీగ మార్చడానికి అరగంట పట్టింది. ఆ ముగ్గురు మేస్త్రీలు మోసగాళ్లు కారు, ఆ తీగను వేలితో కదిపి చూడలేదంతే.

వేడికి ఆగి, చల్లారాక నడిచే బండిలో కాయిల్, కండెన్సర్ మొదటి ముద్దాయిలు. కాయిల్ లోపలి ఇన్సులేషన్ వేడికి ఓడిపోతుంది, చల్లారితే మళ్లీ కోలుకుంటుంది. బాగా పనిచేసిన పాత కండెన్సర్ ఒకటి డిక్కీలో ఉంచుకుంటే మంచిది. కొత్తగా కొన్నది మంచిదే అన్న నమ్మకం ఇప్పుడు లేదు.

రవ్వ బాగుంటే అప్పుడు పెట్రోలు. ముందుగా ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి సుయ్‌మని పోతే, ఆ వెంటనే బండి నడిస్తే, మూతకో ట్యాంకుకో ఉన్న గాలి రంధ్రం పూడుకుపోయింది. లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతోంది. ట్యాంకులో తుప్పు ఉంటే ఇంకో తమాషా. నడుస్తున్నంతసేపూ చెత్త వెళ్లి గొట్టం మూతికి అడ్డుపడుతుంది, ఆగాక మెల్లగా అడుగుకు దిగిపోతుంది. ఎండాకాలంలో ఇంజనుకు బిగించిన పంపులో పెట్రోలు ఆవిరై పంపు ఉత్తగాలిని కొడుతుంది. ఒకప్పుడు ఘాట్ రోడ్లలో బానెట్టు ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం చూసినవారికి ఇది కొత్త కాదు. తడిగుడ్డతో నడిస్తే జబ్బు తెలిసినట్టే.

ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు బంకులన్నిటికీ వచ్చింది. అది పాత రకం రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది. నెలకొకసారి తిప్పే బండికి ఇది మరీ చేటు. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చడం ఖర్చనుకోకండి. చీలిన గొట్టం నుంచి వేడి ఇంజను మీద పెట్రోలు కారితే కారే మిగలదు.

ఈలోగా రైలు గేటు మీద ఆగిపోతే? మనుషులు ముందు దిగి దూరంగా పోవాలి. రైలు జాడ లేకపోతేనే డ్రైవరు ఒక ప్రయత్నం చేయవచ్చు. మొదటి గేరు వేసి, క్లచ్చి మీద కాలు తీసేసి సెల్ఫ్ కొడితే ఈ పాత బండ్లు బ్యాటరీ బలంతోనే కొన్ని గజాలు పాకుతాయి. అందుకే బ్యాటరీ మాత్రం ఎప్పుడూ మంచిది ఉంచండి.