మోటారు సైకిళ్ళ మీద వచ్చే నేస్తాలు

వేసవిలో ఎడిసన్ చుట్టుపక్కల పెద్ద రోడ్ల మీద మోటారు సైకిళ్ళు గుంపుగా పోవడం మీరు చూసే ఉంటారు. నల్లని తోలు కోట్లు, పొడుగాటి గడ్డాలు, చేతుల నిండా పచ్చబొట్లు, చెవులు గింగురుమనే చప్పుడు! చూడగానే అమ్మ చాటుకు పోవాలనిపిస్తుంది. కాని అటువంటి వారిలో కొందరు భయపడిన పిల్లలకు తోడుగా నిలుస్తున్నారు.

యూటా రాష్ట్రంలోని ప్రోవో నగరంలో జాన్ పాల్ లిల్లీ అనే సంఘసేవకుడు ఉండేవారు. పెద్దల చేతిలో హింసకు గురైన పిల్లలకు ఆటల ద్వారా మనసు కుదుటపరచడం ఆయన వృత్తి. మోటారు సైకిలంటే ఆయనకు ప్రాణం. ఆయన దగ్గరకు వచ్చే ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు ఇంటి గడప దాటడానికే వణికిపోయేవాడు. వారానికి ఒక గంట చికిత్స సరే, మిగిలిన గంటల్లో వాడికి తోడెవరు? 1995లో లిల్లీ తన మోటారు సైకిలు మిత్రులను వెంటబెట్టుకొని ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళారు. కొద్ది రోజులకే వాడు వీధిలోకి వచ్చి ఆడుకోసాగాడు.

అలా పుట్టిన సంఘం పేరు ‘బైకర్స్ అగైనెస్ట్ చైల్డ్ అబ్యూస్’. పొట్టిగా ‘బాకా’ అంటారు. మన పెళ్ళిళ్ళలో ఊదే బాకా కాదు లెండి! ఇప్పుడది ఎన్నో దేశాలకు పాకింది. న్యూజెర్సీలోనూ దాని సభ్యులున్నారు.

ఒక బిడ్డను తమలో చేర్చుకొనే రోజున సభ్యులంతా ఆ ఇంటికి వస్తారు. తమ కోటు వంటిదే చిన్న కోటు తొడుగుతారు. ఒక ఎలుగుబంటి బొమ్మను అందరూ ఒక్కొక్కసారి కౌగిలించుకొని బిడ్డ చేతికిస్తారు. అందులోని ప్రేమ అయిపోయిందనిపిస్తే కబురు చేయమంటారు, మళ్ళీ నింపుతారట! ఇద్దరు సభ్యులు ఆ బిడ్డకు ప్రత్యేక నేస్తాలు. భయం వేసినప్పుడు వారికి ఫోను చేయవచ్చు.

అన్నిటికంటె కష్టమైనది కోర్టుకు వెళ్ళే రోజు. తనను బాధపెట్టిన మనిషి ఎదురుగా కూర్చొని ఉండగా, చిన్న బిడ్డ జరిగినదంతా చెప్పాలి. నిజం తెలిసీ నోరు పెగలదు. అప్పుడీ నేస్తాలు వెంట వచ్చి, కోర్టులో మౌనంగా కూర్చుంటారు. ఎవరినీ బెదిరించరు, ఎవరిమీదా చేయి చేసుకోరు. బిడ్డ తలెత్తి చూస్తే కనిపిస్తారు, అంతే.

ఈ సంఘంలో చేరడం అంత సులువు కాదు. వేలిముద్రలు తీసుకొని పూర్వచరిత్ర పరిశీలిస్తారు. కనీసం ఏడాదిపాటు సంఘంతో కలిసి తిరిగాకే పూర్తి సభ్యత్వం. సభ్యుడు ఎంత మంచివాడైనా ఒంటరిగా బిడ్డ దగ్గర ఉండకూడదు. ఈ నియమం నాకు చాలా నచ్చింది.

అయితే సంగతి ముందుగా అధికారులకు తెలియాలి, ఆ తరువాతనే ‘బాకా’ వస్తుంది. న్యూజెర్సీ చట్టం ప్రకారం, ఒక బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారని అనుమానం కలిగితే తెలియజేయడం టీచర్లకే కాదు, అందరికీ విధి. ఆ ఫోను నంబరు 1-877-652-2873. రాత్రీ పగలూ పలుకుతారు. పిల్లలు కూడా చేయవచ్చు. వెంటనే ప్రమాదముంటే 911. మన ఆంధ్ర, తెలంగాణలలో ఉన్న మీ బావలకూ మరదళ్ళకూ అయితే ఆ నంబరు 1098.